నాలుగు దీపాలూ వెలిగిన అంబాసిడర్

2021వ సంవత్సరం, ఫిబ్రవరి నెల. మిరప కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజులు. చిలకలూరిపేట నుంచి పర్చూరు వెళ్ళే దారిలో రోడ్డుకు కాస్త లోపలగా నా ఆటో ఎలక్ట్రికల్ వర్క్‌షాపు ఉంది. వాహనాలలో ఇంజను పని ఒకరిది, బాడీ పని ఒకరిది. బ్యాటరీ మొదలుకొని చివరి దీపం వరకు తీగల మీద నడిచే పని అంతా మాది. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా పూర్తిచేసి, కొంతకాలం ఒక ఐటీఐలో పాఠం చెప్పి, ఆ తరువాత ఈ వృత్తిలోకి వచ్చాను. పాఠం చెప్పడం మానేసి చాలాకాలమైనా ఈ చుట్టుపక్కల అందరూ నన్ను మాస్టారనే పిలుస్తారు. ఆ పిలుపుకు తగినట్టుగానే నా షాపులో టెస్ట్ ల్యాంప్ తన మేకుకే వేలాడాలి, తీసిన స్క్రూ తన గిన్నెలోనే ఉండాలి.

అంబాసిడర్ కార్ల కాలం నాకు బాగా తెలుసు. పత్తి, మిర్చి సీజను వచ్చిందంటే జిన్నింగు మిల్లుల ముందు, కమీషను కొట్ల ముందు అవి వరుసగా నిలబడేవి. తెల్లనివి, మీగడ రంగువి, అక్కడక్కడ ఒక నల్లనిది. రైతులు ముందు సీటులో నలుగురు, వెనుక సీటులో మిర్చి టిక్కీలు, అంటే కూరి కుట్టిన బస్తాలు, వేసుకుని వచ్చేవారు. అలాంటి కారు తలుపు తీసి డాష్‌బోర్డు కిందకు దూరితే ముందు తుమ్ములు, తరువాతనే పని. సీటు లేపితే మిరప గింజలు గలగలమని రాలేవి. ఇప్పుడు ఆ కార్లు లేవు. ఎప్పుడైనా ఒకటి వస్తే, ఎక్కడ ఏ రంగు తీగ ఉంటుందో నా చేతులకు నా కంటే ముందే గుర్తుకు వస్తుంది.

ఆ మిగిలిన కొద్ది కార్లలో ఒకటి పిచ్చయ్య గారిది. మా ఊరికి పడమరగా ఉన్న పల్లెలో పత్తి, మిరప వేసే రైతు ఆయన. మీగడ రంగు కారు. నా షాపు తెరిచిన మొదటి సంవత్సరం నుంచి అది నా దగ్గరికే వచ్చేది. గుమ్మంలోకి రాకముందే ఆయన గొంతు వినిపించేది. “మాస్టారూ, మా దొరసానికి మళ్ళీ జలుబు చేసింది, చూడండి.” డైనమో బ్రష్షులు అరిగిపోతే ఆయన దృష్టిలో అది జలుబు.

మధుమేహం వల్ల ఆయన చూపు క్రమంగా తగ్గి, చివరకు వెలుగునీడలు తప్ప ఏమీ తెలియని స్థితికి వచ్చింది. కారు అమ్మేస్తారని అందరూ అనుకున్నారు. ఆయన అమ్మలేదు. చూపు పూర్తిగా పోకముందే భార్య సుశీలమ్మ గారికి డ్రైవింగ్ నేర్పారు. కోత అయిపోయిన చేలలో, తరువాత పొలాల మధ్య డొంక దారుల్లో, ఆ తరువాత రోడ్డు మీద. అప్పటికి ఆమెకు యాభై దాటాయి. ఆ తరువాత ఆయనను గుంటూరు ఆసుపత్రికి తీసుకువెళ్ళడం, ఎరువులు తేవడం, పొలానికి వెళ్ళడం అంతా ఆ కారులో ఆమే. ఆయన ఎడమపక్క సీటులో కూర్చుని చెవులతో కారు నడిపేవారు.

“గేరు మార్చవే, అది మూలుగుతుంటే నీకు వినపడటం లా?”

“మీ మూలుగుడు ఆపితే దాని మూలుగుడు వినపడుద్ది.”

వారిద్దరూ నా షాపుకు వచ్చిన ప్రతిసారీ ఈ సంభాషణ ఏదో ఒక రూపంలో జరిగేది.

ఆ చలికాలంలో ఆమెకు ఒక చిక్కు వచ్చింది. పాత కార్ల ఇండికేటర్ దీపాలలో ఫిలమెంట్ బల్బులు ఉంటాయి. లోపలి సన్నని తీగ ఎర్రగా కాగి వెలుతురు ఇస్తుంది. తీగలు పాతబడి, అద్దం మసకబారి, డైనమో బలహీనపడితే ఆ వెలుతురు మిట్టమధ్యాహ్నపు ఎండలో వెనుకవారికి కనిపించదు. హైవే మీద ఒక లారీ డ్రైవరు కిటికీ పక్కకు వచ్చి, సిగ్నల్ ఇవ్వకుండా తిరుగుతావేమని కేకలు వేశాడట. ఆమె ఇచ్చారు, అతనికి కనిపించలేదు. అందుకని ఎల్‌ఈడీ బల్బులు వేయించాలనుకున్నారు. ఎల్‌ఈడీ చాలా తక్కువ కరెంటుతో చాలా ఎక్కువ వెలుగు ఇస్తుంది. ఆలోచన సరైనదే. ఆ సమయంలో నేను కంటి ఆపరేషను చేయించుకుని ఇంట్లో ఉన్నాను. వారు వేరొక చోట, కారు అలంకరణ సామగ్రి అమ్మే ఒక కొట్టులో బల్బులు మార్పించారు.

నేను తిరిగి షాపుకు వస్తున్న వారంలోనే ప్రమాదం జరిగిన సంగతి తెలిసింది.

సుశీలమ్మ గారు పొలానికి వెళుతున్నారు. రోడ్డు మీద నుంచి కుడివైపు డొంకలోకి తిరగాలి. వెనుక శ్రీను అనే అతని ఆటో, అందులో మిరప కోతకు వెళ్ళే కూలీలు ఉన్నారు. ఆమె వేగం తగ్గించి, కుడి ఇండికేటర్ వేసి, కుడికి తిప్పారు. అదే క్షణంలో ఆటో ఆమెను దాటడానికి కుడివైపుకే వచ్చింది. శ్రీను తప్పించబోయి కాలువ గట్టు మీదికి ఎక్కించగా ఆటో పక్కకు ఒరిగింది. దేవుడి దయవల్ల ప్రాణాపాయం లేదు. వీరమ్మ అనే కూలీ మణికట్టు విరిగింది. మిగిలినవారికి దెబ్బలు తగిలాయి.

ఊరి పెద్దలు కూర్చున్నారు. కుడి ఇండికేటర్ వేశానని సుశీలమ్మ గారు చెప్పారు. కుడిది కాదు, నాలుగు దీపాలూ వెలిగాయని, అందుకే కారు తిన్నగా పోతుందనుకున్నానని శ్రీను చెప్పాడు. ఇక్కడ ఒక మాట వివరించాలి. నాలుగు ఇండికేటర్లు ఒకేసారి కొట్టుకోవడాన్ని హజార్డ్ అంటారు. ఆపదలో రోడ్డు మీద ఆగిపోయిన బండి ఇచ్చే హెచ్చరిక అది. మన ప్రాంతంలో మాత్రం ఎవరు మొదలుపెట్టారో గాని, కూడలి దగ్గర ఎటూ తిరగకుండా తిన్నగా వెళ్ళేవారు నాలుగూ వేస్తారు. ఏ పుస్తకంలోనూ లేని ఈ అలవాటు ఇప్పుడు చట్టం కంటే గట్టిగా నడుస్తోంది.

ఆ అంబాసిడర్‌లో హజార్డ్ స్విచ్చే లేదని అందరికీ తెలుసు. లేని స్విచ్చు వేస్తే దీపాలు ఎలా వెలుగుతాయి? కాబట్టి శ్రీను అబద్ధం చెబుతున్నాడని పెద్దలు తేల్చారు. అతని ఆటో ఎక్కడానికి కూలీలు ఒప్పుకోలేదు. సీజను మధ్యలో అతనికి పని పోయింది. మరోపక్క, పెద్దామె ఏదో నొక్కబోయి ఏదో నొక్కి ఉంటుందని, ఆ వయసులో డ్రైవింగ్ ఏమిటని ఊళ్ళో గుసగుసలు కూడా మొదలయ్యాయి.

ఆ తరువాత ఆమె కారు ముట్టుకోలేదు. వారి ట్రాక్టరు డ్రైవరు నడుపుకుంటూ నా షాపుకు తీసుకువచ్చాడు. వెనుక సీటులో ఆమె, ముందు సీటులో పిచ్చయ్య గారు. ఆమె దిగి, కొంగు సవరించుకుని, ఎప్పటిలా కుర్చీలో కూర్చోకుండా నిలబడే మాట్లాడారు.

“అన్నయ్యగారూ, ఊరు నా పక్కనే తీర్పు చెప్పింది. అది నాకు అక్కర్లేదు. ఆ పిల్లోడు పిల్లల మీద ఒట్టేసి చెబుతున్నాడు, నాలుగూ వెలిగినయ్యని. నా చెయ్యి తప్పు చేసిందా, బండి తప్పు చేసిందా, మీరు చెప్పండి. నా చెయ్యే అయితే ఇక నేను స్టీరింగ్ పట్టను. ఈయన్ని ఆసుపత్రికి బస్సులో తీసుకుపోతా.”

“బస్సెక్కితే కండక్టరుతో నేను పోట్లాడతాను,” అన్నారు పిచ్చయ్య గారు కారులోనుంచి. ఆమె నవ్వలేదు.

శ్రీనును పిలిపించమన్నాను. ఆమె తటపటాయించారు. పిచ్చయ్య గారే అన్నారు. “పిలిపియ్యవే. ఆ రోజు వెనకనుంచి చూసింది వాడొక్కడే, కూలోళ్ళంతా కబుర్లలో ఉన్నారంట. నేను చూడలేను, నువ్వు చూడలా.”

శ్రీను వచ్చాడు గాని గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. ముప్పై ఏళ్ళ మనిషి. మోచేతి మీద మానుతున్న గాయం.

“నన్నెందుకు పిలిచారు సార్? అబద్ధాలకోరుని కదా నేను.”

“ఇక్కడ ఎవరినీ ఏమీ అనలేదు. లోపలికి రా,” అన్నాను.

విద్యుత్తు పనిలో నాకు ఒక నియమం ఉంది. మీటరు పెట్టకముందు, బండి వాడినవారు చెప్పేది పూర్తిగా వినాలి. సుశీలమ్మ గారిని స్టీరింగ్ ముందు కూర్చోమన్నాను. శ్రీనును ఆనాడు ఆటో ఎంత దూరంలో ఉందో అంత దూరంలో కారు వెనుక నిలబెట్టాను. నేను ముందువైపు, దీపాలు కనిపించని చోట నిలబడ్డాను. నా కళ్ళు ముందుగా చూసి, నా ముఖం అతనికి జవాబు చెప్పకూడదు.

“అమ్మా, ఆ రోజు ఏం చేశారో అదే చేయండి.”

ఆమె తాళం తిప్పి, ఇండికేటర్ మీటను కుడివైపుకు వేశారు. మీట ఎటు కదిలిందో కారు ముందు అద్దంలోనుంచి నేను చూశాను. కుడికే.

“శ్రీనూ, ఏం కనిపిస్తోంది?”

అతను ఒక అడుగు పక్కకు వేసి రెండు వైపులా చూశాడు. తరువాత అతను నెమ్మదిగా అన్నాడు. “రెండు పక్కలా కొట్టుకుంటన్నయ్ సార్. ఆ రోజు కూడా ఇంతే.”

నేను వెళ్ళి చూశాను. వెనుక రెండూ, ముందు రెండూ, నాలుగూ ఒకే లయలో వెలిగి ఆరుతున్నాయి. శ్రీను అక్కడే ఉన్న పాత టైరు మీద కూలబడి రెండు చేతులతో ముఖం రుద్దుకున్నాడు. సుశీలమ్మ గారిని దిగి రమ్మన్నాను. ఆమె వచ్చి, తన కారు వెనుక నిలబడి, తాను ఒక వైపు వేసిన సిగ్నల్ రెండు వైపులా వెలగడం చూశారు. చాలాసేపు చూశారు.

కారులోనుంచి పిచ్చయ్య గారు అడిగారు. “ఏమైంది? ఎవరూ మాట్లాడరేం?”

“శ్రీను నిజమే చెప్పాడండీ,” అన్నారామె.

“మరి నువ్వో?”

ఆమె నా వైపు తిరిగారు. నేను చెప్పాను. “ఆమె కూడా నిజమే చెప్పారు పిచ్చయ్య గారూ. మీట కుడికే ఉంది.”

“మరి అబద్ధం చెప్పింది ఎవరయ్యా?”

ఆ ప్రశ్నకు సమాధానం డాష్‌బోర్డులో ఉంది. ఇండికేటర్ వేసినప్పుడు డ్రైవరు ముందు ఒక చిన్న పచ్చ దీపం కొట్టుకుంటుంది. దాన్ని టెల్‌టేల్ అంటాము. సిగ్నల్ పనిచేస్తోందని డ్రైవరుకు చెప్పే దీపం. కొత్త కార్లలో కుడికి ఒకటి, ఎడమకు ఒకటి ఉంటాయి. ఈ కారులో రెండింటికీ కలిపి ఒక్కటే. దాని ఒక కొస కుడి దీపాల తీగకు, రెండో కొస ఎడమ దీపాల తీగకు కలిపి ఉంటుంది. కుడి ఇండికేటర్ వేస్తే కరెంటు ఆ పచ్చ దీపం గుండా వెళ్ళి, ఎడమ బల్బుల లోపలి తీగ గుండా బాడీకి చేరుతుంది. ఎడమకు వేస్తే ఇదే తిరగబడుతుంది. పచ్చ దీపం గుండా వచ్చే కరెంటు ఎంతో స్వల్పం. పాత ఫిలమెంట్ బల్బును అది వేడి కూడా చేయలేదు. అందుచేత ఆ బల్బు వెలగకుండా, కరెంటుకు దారి మాత్రం ఇచ్చేది. పొదుపుగా, తెలివిగా చేసిన ఏర్పాటు. అన్ని సంవత్సరాలూ ఏ లోపమూ లేకుండా పనిచేసింది.

ఎల్‌ఈడీకి ఆ స్వల్పమైన కరెంటే చాలు. పాత బల్బు పట్టించుకోని బిందువుతో కొత్త బల్బు దప్పిక తీర్చుకుని వెలుగుతుంది. ఫలితంగా ఎటు వేసినా నాలుగూ వెలుగుతాయి.

“అమ్మా, బల్బులు మార్చాక డాష్‌బోర్డులో పచ్చ దీపం ఎలా ఉంది?” అని అడిగాను.

ఆమె ఆలోచించి అన్నారు. “వెలగటం మానేసిందండీ. పాతదైపోయింది, అదే పోయిందిలే అనుకున్నా. బయట దీపాలు బాగా వెలుగుతున్నయ్ గదా అని.”

“అది పోలేదు. కొత్త బల్బులు తమ గుండా పోనిచ్చే కొద్ది కరెంటు దాన్ని వెలిగించడానికి చాలలేదు. ఎక్కడో తప్పు ఉందని అదే మీకు చెప్పబోయింది.”

బల్బులు మార్చిన కొట్టులో మీట కుడికి వేసి కుడి దీపం చూసి ఉంటారు, ఎడమకు వేసి ఎడమ దీపం చూసి ఉంటారు. రెండూ బ్రహ్మాండంగా వెలిగాయి. రెండో వైపు వెళ్ళి చూడవలసిన అవసరం ఎవరికీ తోచలేదు. ఆ లోపం వేరే ఏ దేశంలో జరిగినా వెనుకవాడు హజార్డ్ అనుకుని వేగం తగ్గించి ఉండేవాడు. మన రోడ్డు మీద జరిగింది కాబట్టి, తిన్నగా పోతోందనుకుని వేగం పెంచాడు.

శ్రీనుతో నేను కొంచెం కఠినంగానే మాట్లాడాను. “నువ్వు అబద్ధం చెప్పలేదు, సరే. ముందు బండి వేగం తగ్గిస్తుంటే, డొంక మలుపు దగ్గర దాన్ని దాటబోవడం ఏ నియమం? నాలుగు దీపాలంటే తిన్నగా అని నీకు ఎవరు చెప్పారు?”

“నాకు ఆటో నేర్పినాయనే చెప్పాడు సార్. ఈ రోడ్డు మీద అందరూ అట్టనే వేస్తారు.”

“అందరూ వేసినంత మాత్రాన అది తిన్నగా అయిపోదు. నాలుగు వెలిగితే అర్థం ఒక్కటే. జాగ్రత్త, నా బండి కష్టంలో ఉంది అని.”

పిచ్చయ్య గారు అందుకున్నారు. “వాణ్ణి అనకండి మాస్టారూ. నేను బండి తోలే రోజుల్లో కూడా కూడలి వస్తే కుడికొకసారి ఎడమకొకసారి మీట కొట్టేవాణ్ణి, తిన్నగా పోతన్నా అని. మా దొరసాని లైట్లు ఎవడికీ కనపడేవి కావు గాబట్టి బతికిపోయాను.”

అప్పుడు శ్రీను నవ్వాడు. సుశీలమ్మ గారు కూడా నవ్వారు. నవ్వాక ఆమె కళ్ళు తుడుచుకున్నారు. ఆమెకూ ఒక మాట చెప్పాను. సిగ్నల్ వేసి ఊరుకోకూడదు, తిప్పేముందు అద్దంలో మరొకసారి చూడాలని. ఆమె తల ఊపారు.

మరమ్మతు చిన్నదే. పచ్చ దీపాన్ని రెండు వైపుల మధ్య నుంచి విడదీశాను. దాని ఒక కొసను నేరుగా బాడీకి, అంటే ఎర్తుకు కలిపాను. రెండో కొసకు కుడి తీగ నుంచి ఒక డయోడ్, ఎడమ తీగ నుంచి ఒక డయోడ్ వేశాను. డయోడ్ అంటే కరెంటును ఒక దిక్కుకే పోనిచ్చే తలుపు. ఇక పచ్చ దీపం ఎటు వేసినా వెలుగుతుంది గాని, ఒక వైపు కరెంటు రెండో వైపుకు దాటదు. అద్దాలు పసుపువే కాబట్టి, ఎండలో రంగు వెలిసిపోకుండా తెల్ల బల్బుల స్థానంలో పసుపు ఎల్‌ఈడీలు పెట్టాను. లాంపు గిన్నెలలో పట్టిన తుప్పు గీకి ఎర్తు శుభ్రం చేశాను.

పని అవుతుండగా పిచ్చయ్య గారు తల పక్కకు వంచి వింటూ ఉన్నారు. ఆయనకు ఒక్కటే అసంతృప్తి.

“మాస్టారూ, పాత చప్పుడు మళ్ళీ రాదా?”

ఆయన అడిగింది ఫ్లాషర్ చప్పుడు గురించి. దీపాన్ని వెలిగించి ఆర్పే పరికరం అది. పాత ఫ్లాషర్‌లో ఒక లోహపు రేకు కరెంటుకు వేడెక్కి వంగుతుంది, చల్లారి మళ్ళీ తిన్నగా అవుతుంది. వంగినప్పుడల్లా టక్కుమని శబ్దం. ఇంజను నెమ్మదిగా తిరుగుతుంటే నిదానంగా, వేగంగా తిరుగుతుంటే చురుకుగా కొట్టుకునేది. ఎండాకాలం ఒక రకంగా, చలికాలం ఒక రకంగా ఉండేది. బయట పత్తి బండ్ల రద్దీ, లోపల ఆ టక్కు టక్కు. నా యౌవనం అంతా ఆ శబ్దం కిందే గడిచింది. ఎల్‌ఈడీ తీసుకునే కొద్దిపాటి కరెంటుకు ఆ రేకు వేడెక్కదు, వంగదు. అందుకే బల్బులు మార్చిన కొట్టులోనే దాన్ని తీసేసి ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ పెట్టారు, పెట్టక తప్పదు.

“రాదండీ,” అన్నాను. “దీని చప్పుడు ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటుంది.”

“పోనీలెండి. దానికి గుండె లేకపోయినా బుద్ధి ఉంటే చాలు,” అన్నారాయన.

పని ముగిశాక నేను స్టీరింగ్ ముందు కూర్చోలేదు. సుశీలమ్మ గారినే కూర్చోమన్నాను. ఆమె చేతులు ఒడిలోనే ఉన్నాయి.

“అన్నయ్యగారూ, ట్రాక్టరు డ్రైవరు ఉన్నాడుగా, వాడు తోలతాడు.”

“నా పని పూర్తికాలేదమ్మా. రోడ్డు మీద చూడాలి. నడపవలసింది మీరే.”

శ్రీను ఆటో బయటే ఉంది. మరమ్మతు చేయించుకున్నాడు గాని అందులో ఎక్కేవారు లేరు. నేను ఆ ఆటోలో కూర్చున్నాను. ముందు అంబాసిడర్, వెనుక మేము. రోడ్డుకు రెండు పక్కలా కల్లాలలో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. శ్రీను ముందున్న కారు మీదే చూపు పెట్టి నడిపాడు. అదే డొంక మలుపు వచ్చింది. కారు వేగం తగ్గింది. కుడివైపు దీపం ఒక్కటే, మిట్టమధ్యాహ్నపు ఎండలో కూడా స్పష్టంగా కొట్టుకుంది. ఎడమవైపు చీకటి. శ్రీను ఆటో ఆపి, ఆమె పూర్తిగా తిరిగేవరకు ఇంజను గుర్రుమంటుండగా వేచి ఉన్నాడు. ఆమె తిరిగారు. డొంకలోకి వెళ్ళాక కారు ఆపి, కిటికీలోనుంచి చెయ్యి బయట పెట్టి, అతన్ని రమ్మని పిలిచారు.

ఆ సాయంత్రమే ఆమె ఊళ్ళో నలుగురి ముందు నిలబడి, శ్రీను చెప్పింది నిజమని, తాను కళ్ళారా చూశానని చెప్పారు. మరుసటి ఉదయం కూలీలను తన చేలోకి శ్రీను ఆటోలోనే రమ్మన్నారు. కట్టు కట్టిన చెయ్యితో వీరమ్మ ముందుగా వచ్చి, “ఒరేయ్ శ్రీనూ, మళ్ళీ గట్టెక్కించావంటే రెండో చెయ్యితో కొడతా,” అని ఎక్కి కూర్చుందట.

నా షాపులో అప్పటినుంచి ఒక పద్ధతి స్థిరపడింది. ఏ దీపం పని జరిగినా, ఒకరు మీట వేసి కూర్చుంటే మరొకరు బండి చుట్టూ పూర్తిగా తిరిగి రావాలి. వెలగవలసినది వెలిగిందా అని చూడడం సగం పరీక్ష. వెలగకూడనిది వెలగలేదు కదా అని చూసినప్పుడే అది పూర్తవుతుంది. ఈ సంగతి నేను ఐటీఐలో పాఠంగా చెప్పినదే. అయితే దాని విలువ ఇద్దరు నిజాయితీపరుల మాటలు ఒకదాన్నొకటి అబద్ధం చేసిన రోజున తెలిసింది. ఊరు అడిగింది ఎవరు అబద్ధం చెప్పారని. అడగవలసింది, ఇద్దరూ నిజమే చెబుతూ ఉంటే ఆ రెండు నిజాల మధ్య ఏ తీగ తప్పుగా కలిసి ఉందని.